పుట్టి మీద మాట ఎవరిది?

పోస్టు కాస్త పెద్దది. కోపంతోనే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన చేపల టూరు ఈసారి ఆగస్టులో, కృష్ణ మీద మూడు రోజులు అని గ్రూపులో పెట్టారు. జాగ్రత్తల సంగతేమిటని అడిగితే ఒకాయన "వానకి భయపడేవాడు గాలం ఎందుకు పట్టాలి?" అన్నారు. దానికి బోలెడన్ని చప్పట్ల బొమ్మలు! నా పేచీ ఆ చప్పట్లతోనే.

పోయిన ఏడాది మేలో ఏం జరిగిందో వెళ్లిన ఎనిమిదిమందిమీ ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. రెండో రోజు మధ్యాహ్నం మూడింటికి, ఎండ మండుతుండగానే, పుట్టి నడిపే పెద్దాయన పడమటి దిక్కు చూసి "గాలి మారింది, ఒడ్డుకు పోదాం" అన్నాడు. మనవాళ్లలో ఒకరు "మూడు రోజులకి డబ్బు మాట్లాడుకున్నాం కదా" అన్నారు. పెద్దాయన నోరు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. అరగంటలో దుమ్ముగాలి వచ్చి పడింది. పుట్టికి ముందూ వెనకా ఉండదు, గాలికి గిరగిరా తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఒకరి గాలానికి బొచ్చె తగిలితే, చూడ్డానికి అందరం ఒకే పక్కకు వంగాం. నీళ్లు లోపలికొచ్చాయి. "కూడ్రీ, కూడ్రీ" అని ఆయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో తెలుసా? ఒడ్డున, కారు డిక్కీలో.

బతికాం. దాన్ని ధైర్యం అనకండి.

"మనకు ఈత వచ్చు" అంటున్నారు. 2020 ఆగస్టులో మన రాయచూరు తాలూకా కుర్వకల దగ్గర పుట్టి బోల్తా పడి నలుగురు గల్లంతయ్యారు. వాళ్లు సరదాకి వెళ్లినవాళ్లు కాదు, ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన ఊళ్లవాళ్లు. ఏరు వాళ్లనే వదల్లేదు, కాలవల్లో ఈత నేర్చిన మనల్ని వదులుతుందా?

"వాన లేని రోజు చూసుకుని దిగుదాం" అని ఇంకో మాట. మన ఏళ్లకి మన వానతో పనేముంది? మహారాష్ట్ర కొండల్లో కురిస్తే ఆలమట్టి నిండుతుంది, నారాయణపూర్ గేట్లు లేస్తాయి, మన నెత్తిన ఎండ కాస్తుండగానే కృష్ణ పొంగుతుంది. తుంగభద్ర సంగతి మన క్యాంపులవాళ్లకి ఒకరు చెప్పాలా? 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోతే, ఆ ఒక్క ఖాళీలోంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు పోయాయి. ఆ రాత్రి కింద ఏ లంకలోనో డేరా వేసుకుని పడుకుని ఉంటే?

మన తాతలు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. అక్కడ వాతావరణ శాఖ 'వేటకు వెళ్లొద్దు' అంటే, ఆ వేటే కూడుపెట్టే మనిషి కూడా పడవను ఒడ్డుకు లాక్కుంటాడు. సరదాకి వెళ్లే మనకి మాత్రం వెనక్కి రావడం నామోషీ!

టూరు మానమని నేననడం లేదు. అసలు జబ్బు గాలీ కాదు, వానా కాదు. ఏరు తెలిసినవాడి కూలి, ఏరు తెలియనివాడి జేబులో ఉండటం. పెద్దాయన నోరు మూయించింది అదే. కాబట్టి మూడు రోజుల కూలీ బయల్దేరక ముందే ఇచ్చేద్దాం. మొదటి గంటలోనే తిరిగొచ్చినా ఒక్క రూపాయి వెనక్కి అడగొద్దు. అప్పుడు ఆయన "పోదాం" అంటే దానికి ఎదురుండదు.

మిగతావి చిన్నవే. జాకెట్ ఒంటి మీద లేనివాడు పుట్టి ఎక్కకూడదు. డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారంటే ప్రయాణం ఆగాలి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, పిడుగుల సంగతి ముందే చెబుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 అంకెలు లెక్కపెట్టేలోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు. కార్బన్ రాడ్డు కింద పడేసి ఒడ్డెక్కాలి, చెట్టు కిందకి కాదు, కార్లోకి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగొద్దు.

వచ్చే మీటింగులో ఈ తీర్మానం నేనే పెడతాను. చప్పట్లు కొట్టినవాళ్లందరూ దయచేసి రండి. మీ ఇంట్లోవాళ్లనీ తీసుకురండి, పోయినేడు సంగతి వాళ్ల ముందే మాట్లాడుకుందాం.