పెళ్లికూతురి రంగు మార్చే హక్కు మీకెవరిచ్చారు?

మాఘమాసం ముహూర్తాలు ముగిసిన కొన్నాళ్లకు కోనసీమ నుంచి కొవ్వూరు దాకా ఇళ్లకు పెళ్లి ఆల్బమ్‌లు చేరతాయి. ఏ ఇంట్లోనైనా తెరిచి చూడండి. ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు, గాజుల కింద చేతులు మూడో రంగు. తెల్లగా ఉండాల్సిన మధుపర్కాలు నీలం తేలాయి. నుదుటి కుంకుమ ఎర్రటి ముద్దయింది. తలంబ్రాల పసుపు నిమ్మపండు రంగుకి దిగింది. చూసినవాళ్లు "అమ్మాయి ఫోటోల్లో భలే వచ్చిందండీ" అంటారు. వచ్చింది ఎవరో మాత్రం ఎవరూ అడగరు.

నేను అడుగుతున్నాను. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం స్టూడియోల యజమానులందరినీ అడుగుతున్నాను. లక్షల కెమెరా కొన్నారు. డ్రోన్ ఎగరేస్తున్నారు. మండపంలో క్రేన్ తిప్పుతున్నారు. ఇంత చేసి, ఆ ఫోటో రంగు తేల్చే మానిటర్‌ని ఒక్కసారైనా కొలిచారా? కొలిచే పరికరం మీ దగ్గర ఉందా? దాని పేరైనా విన్నారా? తెర మీద ఆనించే చిన్న బిళ్ల అది, కలరీమీటర్ అంటారు. మీ డ్రోన్ ఖరీదులో ఓ మూలకి వస్తుంది. సాఫ్ట్‌వేర్ తెర మీద వరసగా రంగులు చూపిస్తుంది, బిళ్ల వాటిని కొలుస్తుంది, చూపించాల్సినదానికీ చూపించినదానికీ ఎంత తేడా ఉందో లెక్కగట్టి ఒక ప్రొఫైల్ రాసిపెడుతుంది. టీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. నెలకోసారి చేస్తే చాలు. ఆ మాత్రం తీరిక లేదన్నవాడు రంగు గురించి మాట్లాడకూడదు.

మానిటర్ షాపులో వెలగడానికి తయారవుతుంది. పక్కనున్న పది తెరల్ని మించి మెరిస్తేనే అమ్ముడుపోతుంది కాబట్టి కంపెనీ దాని వెలుగును బాగా పెంచి, తెలుపులో నీలం కలిపి పంపిస్తుంది. ఫోటో పనికి చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు సరిపోతుంది. పెట్టె విప్పిన తెర 250, 300 మీద వెలుగుతుంటుంది. అంత వెలుగులో ఫోటో దిద్దినవాడికి అన్నీ తెల్లగా, బాగానే కనిపిస్తాయి. కాగితానికి సొంత వెలుగు లేదు, ప్రింట్ నల్లగా వస్తుంది. అప్పుడు "ల్యాబ్‌వాడు డార్క్ కొట్టాడండీ" అని ఫోను. ల్యాబ్‌వాడు "మీ ఫైలే అంత" అంటాడు. మర్నాడు స్టూడియోవాడు ఫైలుని ఇంకో రెండు మెట్లు లేపి పంపిస్తాడు. ఆ రెండు మెట్లలో మధుపర్కం నేత పోతుంది, జరీ పోతుంది, పెళ్లికూతురి చెంప మీది గుంట పోతుంది.

ఇక ఆ తెర ఉన్న గది చూడాలి. చిలకపచ్చ గోడ, వెనక కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ, నెత్తిన నీలం ట్యూబ్‌లైటు, పక్కన రంగురంగుల ఫ్లెక్సీ. పచ్చ గోడ ఎదురుగా పొద్దంతా కూర్చున్న కన్ను పచ్చకి అలవాటుపడుతుంది, తెర మీద ఎరుపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, ఫోటో దిద్దే కుర్రాడు ఎరుపు తగ్గిస్తాడు. వాడి కన్నులో ఏ లోపమూ లేదు. మనుషులందరి కళ్లూ అంతే. అందుకే కొలత కావాలి.

కొలత అంటే ఏమిటో ఈ డెల్టాలో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. ధాన్యం అమ్మే రైతుకి తేమ 17 శాతం అన్న అంకె నిద్రలో లేపినా గుర్తుంటుంది. కొనుగోలు కేంద్రంలో మీటరు ఒక అంకె చూపించి, మిల్లు దగ్గర మీటరు ఇంకో అంకె చూపిస్తే ఊరుకుంటాడా? బస్తా దించనివ్వడు, రోడ్డెక్కుతాడు. ఆ రైతే కూతురి పెళ్లికి స్టూడియోవాడు అడిగినంత ఇచ్చి, ఏ మీటరూ తగలని తెర ముందు చేతులు కట్టుకు నిలబడతాడు.

మా వీధి చివరి స్టూడియోలో చూసిన సంగతి చెబుతాను, పేరు అనవసరం. ఆల్బమ్ షీట్లు డిజైన్ చేసే కుర్రాడు పెళ్లికూతురి ముఖం చుట్టూ గీత గీశాడు. స్లయిడర్ పట్టుకు లాగాడు. ముఖం తెల్లబడింది. ముక్కుపుడక దగ్గర ఉన్న సన్నటి నీడ మాయమై ముక్కు చెంపలో కలిసిపోయింది. చెవి మర్చిపోయాడు, చెవి చామనఛాయలోనే ఉండిపోయింది. "మరీ ఎక్కువైంది కదయ్యా" అన్నాను. "ఎక్కువేం కాదండి, ప్రింట్‌లో తగ్గుతుందండి" అన్నాడు. ఎంత తగ్గుతుందని అడిగాను. "అది ల్యాబ్‌ని బట్టండి" అన్నాడు.

నా గొడవంతా ఆ జవాబుతోనే. కొలవని తెర కేవలం అజ్ఞానం అనుకుంటే పొరపాటు, అది మంచి ముసుగు. తెర నిజం చెప్పదు కాబట్టి ముఖం ఎంత మార్చారో ఎవరికీ తెలియదు. అడిగితే "మీ ఫోన్‌లో అలా కనిపిస్తోందండీ", "పేపర్ మాట్ కదండీ", "మండపం లైటింగ్ అదండీ". తప్పు స్టూడియో నుంచి ల్యాబ్‌కి, ల్యాబ్ నుంచి కాగితానికి, కాగితం నుంచి ఎల్‌ఈడీ లైట్లకి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడా ఆగదు. ఆగకుండా ఉండటమే అందరికీ లాభం. తెర కొలిచారనుకోండి, ల్యాబ్ ప్రొఫైల్ తెచ్చి పెట్టుకున్నారనుకోండి, ప్రింట్ ఎలా వస్తుందో ముందే తెర మీద కనిపిస్తుంది. అప్పుడు ఆ అమ్మాయిని తెల్లబరిచింది మీరే అని తేలిపోతుంది. అదే కదా భయం?

ల్యాబ్‌ల మీద కూడా నాకు కోపం ఉంది కానీ, ఒక మాట ఒప్పుకోవాలి. ఫోటో పేపర్ మీద ప్రింట్ తీసే పెద్ద యంత్రాలు పొద్దున్నే ఒక పట్టీ ప్రింట్ తీసుకుని, దాన్ని కొలుచుకుని, తమని తాము సరిచేసుకుంటాయి. కాగితం రోలు మారితే మళ్లీ చేస్తారు. యంత్రం రోజూ చేసుకునే పనిని దానికి ఫైలు పంపే మనిషి ఏడాదికోసారి కూడా చెయ్యడు. పైగా ఫైలు ఏ రంగుల కొలమానంలో ఉందో కూడా చూసుకోడు. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీని ల్యాబ్‌లు దాదాపు అన్నీ అడుగుతాయి. అంతకంటే విశాలమైన అడోబ్ ఆర్‌జీబీ 1998ది. ఎవరో యూట్యూబ్‌లో "అడోబ్ పెడితే రంగులు ఎక్కువ" అన్నారని కెమెరాలో అది పెట్టి, ప్రొఫైల్ పట్టించుకోని యంత్రానికి ఫైలు పంపితే చీరలన్నీ వెలిసిపోయి వస్తాయి. "ఈసారి పేపర్ బాలేదండీ" అని పార్టీకి చెప్పేస్తారు. పాపం పేపర్.

స్టూడియోలో సొంతంగా ఇంక్‌జెట్ పెట్టుకున్నవాళ్ల సంగతి ఇంకా ఘోరం. ఒక ప్రొఫైల్ అంటే ఒక ప్రింటరు, ఒక ఇంకు, ఒక కాగితం, ఒక సెట్టింగు. నాలుగింట్లో ఏది మారినా ఆ ప్రొఫైల్ పనికిరాదు. మనవాళ్లు సీసాల్లో లోకల్ ఇంకు పోసి, చవక గ్లాసీ పేపర్ పెట్టి, డ్రైవర్‌లో మాత్రం కంపెనీ కాగితం పేరు ఎంచుకుంటారు. ఆపైన మా గోదావరి గాలిలో తేమ ఉండనే ఉంది. ప్రింట్ ఆరకముందే అద్దం బిగించేస్తారు. మాలవేసి గోడకి తగిలించిన తాతగారి ఫోటో రెండేళ్లకి పాలిపోతే, ట్యూబ్‌లైటుని తిడతారు.

"పార్టీయే తెల్లగా చెయ్యమంటోంది" అన్నది వీళ్ల బ్రహ్మాస్త్రం. నిజమే. పెళ్లికూతురి తల్లే పక్కన కూర్చుని "కొంచెం కలర్ తెప్పించు బాబూ" అంటుంది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీమే సిగ్గుపడి పేరు మార్చుకుంది గానీ మన ఇళ్లు మారలేదు. ఆ తల్లిని నేను వెనకేసుకురాను. కానీ ఆ అమ్మాయి అడిగిందా? డబ్బిచ్చింది తండ్రి, మాట చెప్పింది తల్లి, ముఖం మాత్రం ఆమెది. ఆమెకి రెండు ప్రింట్లు చూపించి ఏది కావాలని అడిగిన స్టూడియో ఒక్కటి చూపించండి, ఈ వ్యాసం చించేస్తాను.

చర్మం రంగుని యంత్రం లోకువ చేయడం కొత్త కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ ల్యాబ్‌లకి ఒక అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు పంపేది, షిర్లీ కార్డు అనేవారు. ఆమె ఒళ్లు సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు. ఆమె తెల్లజాతి అమ్మాయి. దశాబ్దాల పాటు మన నాయనమ్మల ముఖాల్ని కూడా ఆమె చెంపని బట్టే తేల్చారు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ 2009లో దీని మీద రాసిన వ్యాసం చదివితే ఒళ్లు మండుతుంది. ముదురు గోధుమ రంగులు సరిగ్గా రావట్లేదని కంపెనీని కదిలించినవాళ్లలో చాక్లెట్లు చేసేవాళ్లు, చెక్క సామాను చేసేవాళ్లు ఉన్నారట. మనుషుల ముఖాల కంటే ముందు బీరువాలకి న్యాయం జరిగింది.

ఇప్పుడు ఆ సాకు లేదు. 1976 నుంచి ఫోటోగ్రాఫర్లు వాడుతున్న 24 గడుల మాక్‌బెత్ చార్టులో మొట్టమొదటి గడి ముదురు చర్మపు రంగు, లేత చర్మం దాని తర్వాతే. ఆ మొదటి గడి ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 115, 82, 68. మన పొలాల్లో, పడవల మీద, పెళ్లిపీటల మీద కనిపించే రంగుకి అంకెలున్నాయి, కొలతలున్నాయి. మండపంలో ముహూర్తానికి ముందు ఆ చార్టు పట్టుకుని ఒక్క ఫోటో తీస్తే, ఊదా ఎల్‌ఈడీలు ఎంత పాడుచేశాయో తేలుతుంది. అది పట్టుకోడానికి సిగ్గెందుకో నాకర్థం కాదు. క్రేన్ మీద ఎక్కడానికి లేని సిగ్గు.

అంకెలు వద్దంటే రాజమండ్రిలోనే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. ఆ చిత్రకారుడు 1897లో ఈ ఊళ్లో పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్లో చదివి వచ్చి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన గీసిన ఆడవాళ్ల ఒంటి రంగు చూడండి. ఎండ తగిలినచోట ఒకలా, నీడ పడినచోట ఇంకా ముదురుగా. ఎవర్నీ తెల్లబరచలేదు. ఎవరి అందమూ తగ్గలేదు. ఆయన దగ్గరున్నవి నీళ్లు, కుంచె, రంగులు. మీ దగ్గర కోటి అరవై ఏడు లక్షల రంగులు చూపించే తెర ఉంది.

పెళ్లిళ్లతోనే అయిపోతే ఇంత కోపం రాకపోను. ఇప్పుడు ఇది పొట్ట మీద కొడుతోంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీతో పాటు బండార్లంక చీరలు కూడా వాట్సాప్ ఫోటోల మీద అమ్ముడవుతున్నాయి. నెమలికంఠం రంగు అని హైదరాబాద్‌లో కొన్నావిడకి పెట్టె విప్పితే ఇంకో నీలం కనిపిస్తుంది, చీర వెనక్కొస్తుంది. నష్టం ఫోటో తీసినవాడిది కాదు, మగ్గం మీద వారాలు కూర్చున్నవాడిది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న పట్టుని ఏ తెరా పూర్తిగా చూపించలేదు, కోణం మారితే రంగే మారుతుంది, అది ఒప్పుకుంటాను. కొన్నావిడ ఫోన్ కూడా మన చేతిలో లేదు. కనీసం మన వైపు చివరైనా సరిగ్గా ఉంచాలి కదా. కడియం నర్సరీల బంతి, గులాబీ ఫోటోలకీ ఇదే గతి. స్లయిడర్ లాగిన గులాబీని చూసి మొక్క కొన్నవాడు, పూసిన గులాబీని చూసి నర్సరీని తిడతాడు.

స్టూడియోలు వాటంతట అవి మారతాయని నాకు నమ్మకం లేదు. కాబట్టి డబ్బులిచ్చేవాళ్లకే చెబుతున్నాను. అడ్వాన్స్ చేతిలో పెట్టేముందు మానిటర్ చివరిసారి ఎప్పుడు కొలిచారో అడగండి. తేదీ చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. చెబితే, ఆల్బమ్ మొత్తం వెయ్యకముందు ఒక్క ఎనిమిది బై పది ప్రింట్ తీయించండి, మధుపర్కాల్లో ఉన్న ఫోటో. దాన్ని పొద్దున పూట వీధి అరుగు మీదికి తీసుకురండి, ఎండలో కాదు, నీడలో. పక్కన అసలు మధుపర్కం పరవండి. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టండి. కలవకపోతే ప్రింట్ తిప్పి పంపండి, మిగిలిన సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.