లైసెన్సు చేతులు మారితే జవాబు ఎవరిది?



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ చుట్టుపక్కల నుండి వచ్చే రోగుల బంధువులు మద్యం దుకాణం గురించి మాతో ఒక మాట అంటుంటారు: "ఓనరు మారిండంట సిస్టర్, ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలె?" ఇది వ్యాపారస్తుల గొడవ, మనకెందుకులే అని ఊరుకోలేము. మద్యం లైసెన్సు ఒకరి చేతి నుండి మరొకరి చేతికి పోయే తీరు మన వార్డుల్లోని మంచాల దాకా వస్తుంది.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాము. చాలామంది కార్పొరేటరు గారిని, మున్సిపల్ ఆఫీసును నిలదీస్తారు. కాని మద్యంపై అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఇస్తుంది. అది ఒక పేరు మీద, ఒక చోటుకు, ఒక గడువు వరకు ఇచ్చే అనుమతి. ఇల్లు, పొలంలాగా అమ్ముకునే ఆస్తి కాదు. మద్యం అమ్ముకోవడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో తేల్చి చెప్పింది. శాఖ అనుమతి లేకుండా లైసెన్సును ఇంకొకరికి అప్పగించకూడదు. బార్లలో భాగస్తులు మారినా, పేరు మారినా దరఖాస్తు పెట్టుకొని, ఫీజు కట్టి, అనుమతి తెచ్చుకోవాలి.

కాగితం మీద ఇలా ఉంది. బజారులో జరిగేది వేరు. తెలంగాణలో మద్యం దుకాణాలను రెండేళ్లకొకసారి లాటరీ తీసి ఇస్తున్నారు. 2023లో 2,620 దుకాణాలకు 1 లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు. లాటరీ తగలకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఆ ఏడాది సరూర్‌నగర్ ఎక్సైజ్ జిల్లాలోనే 10 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. 2025లో ఈ ఫీజు 3 లక్షలకు పెరిగింది. లాటరీ తగిలినవారు "గుడ్‌విల్" పేరిట కోట్లు తీసుకొని దుకాణాన్ని సిండికేట్లకు వదిలేస్తున్నారని ప్రతిసారీ పత్రికల్లో చదువుతున్నాము. పేరు ఒకరిది, గల్లాపెట్టె ఇంకొకరిది. దుకాణాల్లో గౌడ సోదరులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించినా, నడిపేది మరొకరైతే ఆ కేటాయింపుకు అర్థమేముంది?

నర్సులుగా మాకు దీనితో ఏమి పని అని అడగవచ్చు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణానికే ముప్పు. అందుకే ఇంట్లో సొంతంగా మాన్పించవద్దని, డాక్టరు గారి పర్యవేక్షణలో మాన్పించాలని చెబుతాము. అంత కష్టపడి నిలబెట్టి ఇంటికి పంపిన మనిషికి సందు మొదట్లోనే దుకాణం ఎదురైతే? దిల్‌సుఖ్‌నగర్ నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అమ్మితే పనివాడు చేసిన తప్పుకు కూడా లైసెన్సుదారే జవాబు చెప్పాలి. కాని లైసెన్సులో పేరున్న వ్యక్తి దుకాణం ముఖమే చూడకపోతే ఆ జవాబు ఎవరు చెబుతారు?

బదలాయింపు పూర్తిగా ఆపేయాలని మేము అనడం లేదు. వ్యాపారికీ జబ్బు చేస్తుంది, చావు వస్తుంది, భాగస్తులు విడిపోతారు. ముందు తలుపు మూస్తే అందరూ దొడ్డిదారి పడతారు. మేము కోరేది, ఆ మార్పు నలుగురికీ తెలిసేలా జరగాలని.

ఒకటి, పేరు మార్పుకు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సంగతి దుకాణం గుమ్మానికి అంటించి, చుట్టుపక్కల వారి అభ్యంతరాలు వినాలి. రెండు, బడికి, ఆసుపత్రికి, ప్రార్థనా స్థలానికి 100 మీటర్ల లోపు దుకాణం ఉండరాదనే నియమాన్ని ఆ సమయంలో మళ్లీ కొలిచి చూడాలి. మూడు, లైసెన్సుదారుని పేరు, గడువు తేదీ అందరూ చదవగలిగే అక్షరాలతో బోర్డు మీద ఉండాలి.

మీరు చేయగలిగినదీ ఉంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద 10 రూపాయల ఫీజుతో ఎక్సైజ్ శాఖకు దరఖాస్తు పెట్టండి. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి ఆ ఫీజు కూడా లేదు. లైసెన్సు ఎవరి పేరున ఉంది, ఎప్పటి వరకు, మార్పుకు అనుమతి ఇచ్చారా అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలెక్టరేటులో సోమవారం ప్రజావాణి ఉంటుంది. ఒంటరిగా కాక వీధి వాళ్లు, సంఘ కుటుంబాలు కలిసి సంతకాలతో వెళ్లండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారా వేలంపాటలకే అడ్డుపడ్డారు. వారు పెద్ద చదువులు చదివినవారు కారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తరువాత 1995లో పెట్టిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. అయినా మా వీధిలో ఎవరు అమ్ముతున్నారు, ఎవరి పేరుతో అమ్ముతున్నారు అని అడిగే హక్కును ఎవరూ సడలించలేదు. అడుగుదాము.