స్థానికుల మాట మనకు కొత్తదా?

బ్రిటన్‌లో వలసల మీద గొడవ లేచినప్పుడల్లా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే జవాబు తిరుగుతుంది: "మేం బెనిఫిట్స్ తీసుకోం, టాక్స్ కడతాం." అబద్ధమేమీ కాదు. వర్క్ వీసా మీద వచ్చినవాళ్లకు యూనివర్సల్ క్రెడిట్ లేదు, చైల్డ్ బెనిఫిట్ లేదు, కౌన్సిల్ ఇల్లు అడిగే వీలూ లేదు. జీతంలో టాక్సు, నేషనల్ ఇన్సూరెన్సు మాత్రం అందరితోపాటే కోస్తారు. వీటికితోడు హెల్త్ సర్‌చార్జి: 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. ఐదేళ్ల వీసాకు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలున్న కుటుంబం ముందుగానే 18,110 పౌండ్లు కట్టాలి. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకు ఇందులో మినహాయింపు ఉంది.

కానీ బెనిఫిట్స్ తీసుకోకపోవడం మన గొప్పేమిటి? ఇవ్వరు, తీసుకోం. రేపు ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) చేతికొస్తే చైల్డ్ బెనిఫిట్‌కు మనమూ అప్లై చేస్తాం, చేయాలి కూడా. తీసుకునేవాళ్లను చులకన చేయడం మనకెందుకు?

"ఉద్యోగాలు ముందు మా పిల్లలకు" అని ఇక్కడివాళ్లంటే ఉలిక్కిపడతాం. 1952లో హైదరాబాద్‌లో ముల్కీల (స్థానికుల) కోసం, మళ్లీ 1969లో తెలంగాణలో, మనవాళ్లు మనవాళ్లనే అడిగిన మాట అది. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం కొలువులు స్థానికులకేనని చట్టమే చేసింది. అక్కడ న్యాయమనిపించింది ఇక్కడ జాత్యహంకారం ఒక్కటే ఎలా అవుతుంది?

ఇక్కడివాళ్ల బాధకు కారణమూ ఉంది. 2024 ఏప్రిల్ దాకా కొరత జాబితాలోని ఉద్యోగాలకు మామూలు రేటు కంటే 20 శాతం తక్కువకే విదేశీయుణ్ణి పెట్టుకునే వీలుండేది. కేర్ హోముల సంగతి ఇంకా దారుణం. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు తలుపు తెరిచి, 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు. ఈ మధ్యలో స్పాన్సర్‌షిప్‌లను లక్షలకు అమ్ముకున్న ఏజెంట్లలో చక్కటి తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అప్పుచేసి వచ్చినమ్మాయి జీతం ఎగ్గొట్టినా నోరెత్తదు. ఫిర్యాదు చేస్తే యజమాని లైసెన్సు పోవచ్చు, అది పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరకాలి. అలా నోరెత్తని మనిషి దొరికాక, ఓవర్‌టైమ్ డబ్బు అడిగే లోకల్ అమ్మాయికి షిఫ్టు ఎవరిస్తారు?

అందుకే వీసా ఒక యజమానికి కాక మొత్తం కేర్ రంగానికి ముడిపడి ఉండాలన్న యూనిసన్ యూనియన్ డిమాండును ఈ పత్రిక సమర్థిస్తోంది. ఈ సంచిక నుంచి వీసా కన్సల్టెన్సీల ప్రకటనలు వేయడం మానేశాం. దాంతో అచ్చు ఖర్చుకు కటకటే, చందా బాకీలున్నవాళ్లు పంపించగలరు.