మాస్టారి ముచ్చట్లు: బంతి వెంట పరదేశం

పిల్లలూ! ఈ నెల ప్రశ్న మన పటాన్‌చెరు నుంచే వచ్చింది. అడిగినది ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక. "సారూ, క్రికెట్ ఆడితే డబ్బు వస్తుందని అందరికీ తెలుసు. ఫుట్‌బాల్ ఆడి బతకవచ్చునా? ఆడపిల్లలు కూడా బతకవచ్చునా? మా నాన్న నవ్వుతున్నాడు" అని రాసింది.

నవ్వవలసిన ప్రశ్న కాదు ఇది. అలాగని "ఓ, భేషుగ్గా బతకవచ్చు!" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేది కూడా కాదు. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని వింటే మంచిది.

పని కోసం ఊరు విడిచి పోవడం అంటే ఏమిటో పటాన్‌చెరు పిల్లలకు ఒకరు చెప్పాలా? మీ తరగతిలోనే చూడండి. ఒకరి నాన్న బీహారు నుంచి వచ్చి ఉంటాడు, మరొకరి నాన్న ఒడిశా నుంచి. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇంకొక భాష. 1972లో ఇక్కడ ఇక్రిశాట్ పరిశోధనా సంస్థ పెట్టిన నాటినుంచి జొన్నల మీద, కందుల మీద పని చేయడానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు కూడా మన ఊరికి వచ్చారు. చేతిలో పనితనం ఉన్నవాడు ఆ పనికి విలువ ఉన్నచోటికి పోతాడు. ఫుట్‌బాల్ ఆటగాడు కూడా అంతే. అతని పనితనం కాలిలో ఉంటుంది, అంతే తేడా.

అలా పోయిన ఒక అమ్మాయి కథ చెబుతాను. ఎక్కడో దూరదేశపు అమ్మాయి కాదు, మన నిజామాబాదు జిల్లా అమ్మాయి. పేరు గుగులోతు సౌమ్య. 2001లో పుట్టింది. తండాలో పెరిగిన రైతుబిడ్డ. ముందువరుసలో ఆడుతుంది, అంటే గోలు కొట్టవలసిన చోట అన్నమాట. కేరళలోని గోకులం జట్టుకు ఆడి పేరు తెచ్చుకున్నది. 2022లో ఈమెనూ, మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌నూ క్రొయేషియా దేశంలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు తీసుకున్నది.

అట్లాసు తెరిచి, ఐరోపాలో ఇటలీకి తూర్పున సముద్రం అవతలి ఒడ్డు చూడండి. కొడవలిలాగా వంగిన దేశం ఒకటి కనిపిస్తుంది. అదే క్రొయేషియా. జాగ్రెబ్ దాని రాజధాని. దేశం మొత్తం జనాభా నలభై లక్షలు కూడా లేదు. అయినా వారి పురుషుల జట్టు 2018 ప్రపంచ కప్పులో ఫైనల్ దాకా వచ్చి ఫ్రాన్సు చేతిలో 4–2తో ఓడింది. 2022లో మూడవ స్థానం పొందింది. సైన్సు పేజీ చదివేవారికి ఇంకొక సంగతి. విద్యుత్తు విషయంలో ఎన్నో కొత్త సంగతులు కనిపెట్టిన నికోలా టెస్లా 1856లో పుట్టిన పల్లె ఇప్పుడు ఆ దేశంలోనే ఉన్నది.

అటువంటి చోట మన పిల్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. క్రొయేషియా భాష మన భాషలకు బొత్తిగా చుట్టరికం తోచనిది. శీతాకాలంలో మంచు పడుతుంది. సౌమ్య వెళ్లిన సంవత్సరం అక్కడ చెలామణి అయ్యే డబ్బు పేరు కూనా. 2023 జనవరి 1న దాని బదులు యూరో వచ్చింది. అంటే ఒక డబ్బు లెక్క అలవాటు పడేసరికి ఇంకొకటి! మైదానంలో మాత్రం గీతలు అవే, గోలుస్తంభాలు అవే. బంతి కూడా ఎక్కడైనా అదే: చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, ఆట మొదలయ్యేటప్పుడు బరువు 410 నుంచి 450 గ్రాములు. నిజామాబాదులో ఎంతో జాగ్రెబ్‌లో అంతే.

భారతీయులు ఐరోపా పోయి ఆడడం సౌమ్యతో మొదలు కాలేదు. 1936లోనే కలకత్తా ఆటగాడు మహమ్మద్ సలీం స్కాట్లండులోని సెల్టిక్ క్లబ్బుకు ఆడాడు. బూట్లు లేకుండా, పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకుని ఆడాడు! ఆడపిల్లలలో మణిపురి అమ్మాయి బాలాదేవి 2020లో స్కాట్లండులోనే రేంజర్స్ క్లబ్బుతో ఒప్పందం చేసుకున్నది. ఐరోపాలో వృత్తి ఒప్పందం మీద చేరిన మొదటి భారతీయ మహిళ ఆమే.

ఇక్కడ "వృత్తి ఆటగాడు" అంటే ఏమిటో తెలుసుకోవాలి. బడి జట్టులో మీరు ఆడితే ఎవరూ జీతం ఇవ్వరు. వృత్తి ఆటగాడికి క్లబ్బు జీతం ఇస్తుంది. ఇన్ని నెలలు లేక ఇన్నేళ్లు అని కాగితం రాసుకుంటారు. ఆ గడువు లోపల వేరే క్లబ్బు ఆ ఆటగాణ్ణి కోరితే, ఉన్న క్లబ్బుకు సొమ్ము చెల్లించి తీసుకుపోవాలి. పత్రికల్లో కనిపించే కోట్ల లెక్కలు చాలావరకు అవే. ఆ సొమ్ము క్లబ్బుకు పోతుంది కాని ఆటగాడి జేబులోకి రాదు. దేశం మారితే పాత దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య నుంచి కొత్త దేశపు సమాఖ్యకు ఒక ధ్రువపత్రం చేరాలి. మీరు బడి మారేటప్పుడు టీసీ తీసుకోరూ, అలాంటిదే.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం ప్రకారం పద్ధెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ణి ఒక దేశం నుంచి ఇంకొక దేశపు క్లబ్బుకు మార్చకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తల్లిదండ్రులే ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణాన ఆ దేశానికి కాపురం మార్చడం వాటిలో ఒకటి. కనుక ఎవరైనా వచ్చి "మీ పదమూడేళ్ల పిల్లవాణ్ణి విదేశీ క్లబ్బులో చేర్పిస్తాను, ముందు రెండు లక్షలు కట్టండి" అంటే అతనికి మంచినీళ్లిచ్చి పంపించండి. నిజమైన క్లబ్బు ఆటగాడికి డబ్బు ఇస్తుంది, ఆటగాడి తండ్రి దగ్గర తీసుకోదు.

ఇక మన పెద్దల కాలం సంగతి. జీతం ఇచ్చి ఆడించే పద్ధతి అప్పుడు మన దేశంలో లేదు. పోలీసు శాఖలోనో, సైన్యంలోనో, రైల్వేలోనో ఉద్యోగం ఇచ్చేవారు. ఆటగాడు ఆ ఉద్యోగం మీద బతుకుతూ ఆడేవాడు. ఆ రోజులలో హైదరాబాదు అంటే ఫుట్‌బాల్, ఫుట్‌బాల్ అంటే హైదరాబాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఈయన కథే. సినిమా చూసిన వాళ్లకు కూడా గుర్తుండని సంగతి ఒకటి నేను చెప్పాలి: రహీం సారు మొదట బడిపంతులు! ఉస్మానియాలో చదివి, హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాడు. మా కులం వాడని నాకు కొంచెం గర్వం.

పంతులు గనుకనే కాబోలు, ఆయన అభ్యాసం చేయించే తీరు వింతగా ఉండేది. కుడికాలి వాటం ఉన్నవాణ్ణి ఎడమకాలితో మాత్రమే తన్నమనేవాడు. వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు కూడా జరిపించేవాడు. మీరు కూడా ఒక్క సాయంత్రం అలా ఆడి చూడండి. మొదట అందరూ పడి నవ్వుతారు. నెల తిరిగేసరికి మీకు రెండు కాళ్లు ఉంటాయి, ఎదుటివాడికి ఒక్కటే.

ఆ రహీం సారు కంట పడినవాడు తులసీదాస్ బలరాం. 1936లో సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద తమిళ కుటుంబం. హైదరాబాదు వచ్చి ఆడమని రహీం పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి చేతిలో డబ్బు లేదన్నాడు. రహీం అద్దె సైకిలు ఏర్పాటు చేశాడు. ఆ సైకిలు ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి. 1956లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ ఏడే బలరాం భారత జట్టుతో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ఓడ దాటిన దూరానికి చేరాడు! అక్కడ మన జట్టుకు నాలుగవ స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు అదే. 1960లో రోములో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు బలరాం కొట్టాడు. మన వాళ్లు రెండు ఆటలూ ఓడారు. ఆ హంగరీ జట్టు కంచు పతకం పట్టుకుపోయిన జట్టు, దానితో మనవారు 1–2 దాకా పోరాడారంటే చిన్న మాట కాదు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. జట్టుకు శిక్షకుడు రహీం. అప్పటికే ఆయన ఒంట్లో జబ్బు. మరుసటి ఏడు జూన్ 11న కాన్సరుతో పోయాడు.

బలరాం 1957లోనే హైదరాబాదు విడిచి కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లాడు. ఆ క్లబ్బుకు దక్షిణాది వారు కొత్త కాదు. 1949 నుంచి 1953 దాకా వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే అయిదుగురు దక్షిణాది ఆటగాళ్లు దాని ముందువరుసలో ఆడితే, బెంగాలీలు వారిని పంచపాండవులని పిలుచుకున్నారు. బలరాం 1961లో ఆ జట్టుకు నాయకుడై కలకత్తా లీగు గెలిపించాడు.

ఇక్కడ ఆగి కష్టమైన మాట కూడా చెప్పాలి. 1963లో బలరాం బి.ఎన్.ఆర్. రైల్వే జట్టులో చేరాడు. ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఇరవై ఏడేళ్లకే ఆట ముగిసింది. ఇంకొక ఎనిమిదేళ్లు ఆడగలిగిన మనిషి! రైల్వే ఉద్యోగం ఉన్నది గనుక జీవనం సాగింది. అమ్మాయీ, మీ నాన్న నవ్వు వెనుక ఉన్నది ఇదే భయం అనుకుంటాను. వడ్రంగి అరవై ఏళ్లు వచ్చినా చిత్రిక పట్టగలడు. ఫుట్‌బాల్ ఆటగాడి పనిముట్టు ముప్పై అయిదేళ్లకు అరిగిపోతుంది, ఒక్కొక్కసారి ఒక్క పూటలో విరిగిపోతుంది. మీ నాన్నది తెలివితక్కువ భయం కాదు. అయితే ఆట మానడం ఒక్కటే దానికి మందు కాదు.

జమైకా అమ్మాయి ఖదీజా షా ఏం చేసిందో వినండి. జమైకా కరీబియన్ సముద్రంలోని ద్వీపం. సుమారు పదకొండు వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో పదోవంతు. ఖదీజా అక్కడి స్పానిష్ టౌనులో పుట్టింది. చిన్నప్పుడు క్యారెట్లు తెగ తినేదట, అన్న 'బన్నీ' అని పేరు పెట్టాడు. అంటే కుందేలుపిల్ల. ఇప్పుడు లోకమంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. ఆ ఊళ్లో ముఠాల కొట్లాటలు ఎక్కువ. తోడబుట్టిన వాళ్లను కొందరిని ఆ తుపాకులకే పోగొట్టుకున్నది. అయినా ఆమె ఆట సాయంతో అమెరికా కాలేజీలో సీటు సంపాదించి, టెనెసీ విశ్వవిద్యాలయంలో చదువుకున్నది. 2019లో ఫ్రాన్సులోని బోర్డో క్లబ్బుకు, 2021లో ఇంగ్లండులోని మాంచెస్టర్ సిటీకి వెళ్లింది. 2023–24లో ఇంగ్లండు మహిళల లీగులో 21 గోలులు కొట్టి అందరికంటే ముందు నిలిచింది. చదువు ఒక చేత, ఆట ఒక చేత పట్టుకుని వెళ్లింది.

ఆమె దేశపు మహిళా జట్టు కథ ఇంకా చిత్రం. డబ్బు లేదని దాన్ని మూసివేస్తే, గాయకుడు బాబ్ మార్లే కూతురు సెడెల్లా మార్లే 2014లో పూనుకుని మళ్లీ నిలబెట్టింది. 2019లో ప్రపంచ కప్పుకు వెళ్లారు. 2023లో ఫ్రాన్సుతోనూ బ్రెజిల్‌తోనూ గోలు లేకుండా సరిసమానంగా ఆడి, పనామాను 1–0తో గెలిచి రెండవ దశకు చేరారు.

మళ్లీ మన సౌమ్య దగ్గరకు వద్దాం. జాగ్రెబ్ నుంచి ఆమె స్వదేశానికి వచ్చింది. భారత జట్టుకు ఆడుతూ, క్లబ్బు ఆటకు ఏ జట్టులో చేరిందో చెప్పుకోండి? ఈస్ట్ బెంగాల్! అరవై ఏళ్ల క్రిందట అమ్ముగూడ బలరాం తొడుక్కున్న ఆ ఎరుపు, బంగారు రంగుల చొక్కాయే. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టును 1–0తో ఓడించి ఈస్ట్ బెంగాల్ భారత మహిళల లీగు గెలిచింది. ఆ ఒక్క గోలూ కొట్టింది సౌమ్యే. ఆ సంవత్సరమే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంచింది. బలరాం అది చూడలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశాడు.

ప్రశ్న అడిగిన అమ్మాయి తన తండ్రికి ఇది చదివి వినిపించి, ఆయన ఏమన్నాడో నాకు రాయాలి. నవ్వితే నవ్వాడనే రాయాలి. తక్కిన వారికి ఒక పని: బంతిని ప్రక్కగా తన్నితే అది గాలిలో వంపు తిరిగి పోవడం చూసే ఉంటారు. ఎందుకు తిరుగుతుందో ఆలోచించి పంపండి. వచ్చే నెల దాని సంగతి చెప్పుకుందాం.