కొన్న వెల – ఉంచుకొన్న వెల

గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన పెద్దల మాట. పాతికేండ్లుగా ఈ సామెతను తరగతిలో చెప్పుచున్నాను. దాని బరువు మాత్రము నాకు మొన్ననే తెలిసినది.

నా పూర్వ విద్యార్థి యొకడు, ఇప్పుడు పల్లెబడిలో ఉపాధ్యాయుడు, రెండు పాత కార్ల ఫొటోలతో మా యింటికి వచ్చెను. ఒకటి 2012 నాటి మెర్సిడెస్ బెంజ్ సి-క్లాస్. రెండవది 2018 నాటి మారుతి విటారా బ్రెజా డీజిలు బండి. అడిగిన వెల రెండింటికిని ఇంచుమించు ఒక్కటే. "మాస్టారూ, బావమరిది పెళ్ళి దగ్గరపడింది. అదే డబ్బుకు బెంజి వస్తుంటే మారుతి ఎందుకండీ?" అని అతని ప్రశ్న. ఆ సొమ్ము కూతురి కాలేజీ చదువునకై దాచినదానిలోనిది.

ప్రశ్న కొట్టివేయదగినది కాదు. సి-క్లాస్ పొడవు సుమారు 4.6 మీటర్లు, ముందు వెనుక చక్రముల నడిమి దూరము 2,760 మిల్లీమీటర్లు. బ్రెజాకు ఆ దూరము 2,500 మాత్రమే. పొడవును, నేలకు దగ్గరగా నున్న బరువును కలిసి పెద్దకారునకు వేగములో నిలకడ నిచ్చును. తలుపు మూసిన చప్పుడులోనే పనితనము వినవచ్చును. బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లు. ఆ కొలతను సౌందర్యము కాదు, పన్ను నిర్ణయించినది: నాలుగు మీటర్లకు మించని చిన్న ఇంజను కార్లకు 2006లో ప్రభుత్వము సుంకము తగ్గించినది.

అయినను ఒక్క విషయము మరువరాదు. క్రొత్తదిగా ముప్పది లక్షల పైచిలుకు పలికిన కారు వెలను కాలము దించినది; దాని దీపముల వెలను, గేరుపెట్టె వెలను దించలేదు. బీమా యున్నను, ప్రమాదమున విరిగిన ప్లాస్టిక్, రబ్బరు భాగముల విలువలో సాధారణ పాలసీ సగమే చెల్లించును. తక్కినది యజమాని జేబులోనిదే. బ్రెజాలోని 1,248 సి.సి. డీజిలు ఇంజను ఫియట్ వారి రూపకల్పన. స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో కార్లలోను అదియే పనిచేసినది. 2020లో క్రొత్త కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు దాని తయారీ ఆగినను, దానిని విప్పి బిగింపగల మెకానిక్కు చిన్న పట్టణమునందును దొరకును.

ఇక బాట. రంగు చెరిగిన స్పీడు బ్రేకర్లు, వానకాలపు గుంతలు గల పల్లెదారిలో బ్రెజాకు నేలనుండి గల 198 మిల్లీమీటర్ల ఎత్తు అలంకారము కాదు, అవసరము. కాగితముల మాటయు కలదు. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. 2012 కారునకు ఆ గడువు 2027లో తీరును. 2018 బండికి 2033 వరకు కలదు.

మరమ్మతులకు వేరుగా సొమ్ముండి, మంచి రోడ్డుపై నడుపుకొనువాడు పాత బెంజి కొనుట తప్పుగాదు. ఆ సుఖము నిజమైనదే. కాని పెళ్ళిపందిరి ముందు ఒక్కపూట నిలుపుటకై బిడ్డ చదువు సొమ్మును ఏటేట దాణాగా పోయుట వివేకము కాదని నా అభిప్రాయము. పెండ్లివారు కారును చూతురు, బిల్లును చూడరు.

నా మాట విని అతడు కొంతసేపు మిన్నకుండెను. పిమ్మట, "ఆ దాణా లెక్క కాగితం మీద వేసుకుని వస్తానండీ" అని లేచెను. ఏది కొనునో నే నడుగలేదు. లెక్క వేయుదు ననుటయే నాకు చాలినది.

మన బడులలో లాభనష్టముల లెక్కలు ఎక్కువగా కొన్న వెల, అమ్మిన వెల యను రెంటితోనే ముగియును. ఉపాధ్యాయ మిత్రులు నల్లబల్లపై మూడవ పంక్తి యొకటి చేర్తురుగాక: ఉంచుకొన్న వెల. సంసారముల లెక్క తప్పునది ఎక్కువగా ఆ పంక్తిలోనే.