సీసాలో నీరు.. బీరువాలో నివేదిక!
ఒక్క పూట పర్యటనతో తేలని యనమదుర్రు గుట్టు
నెలనెలా కొలిస్తేనే కాలుష్యానికి లెక్క

భీమవరం: వంతెన వద్ద బస్సు ఆగుతుంది. విద్యార్థులు గట్టు దిగి సీసాల్లో నీరు పట్టుకొంటారు. రంగు, వాసన నమోదు చేసుకొంటారు. పీహెచ్ కాగితం ముంచి చూస్తారు. మధ్యాహ్నానికి తిరుగుముఖం పడతారు. వారం తిరిగేసరికి నివేదిక సిద్ధమవుతుంది, మార్కులు పడతాయి. కాలువలు, డ్రెయిన్ల వద్దకు కళాశాలల క్షేత్ర పర్యటనలు చాలావరకు సాగే తీరిది. ఆ పైన ఆ అంకెలు బీరువా దాటి బయటకు రావు. యనమదుర్రు డ్రెయిన్ విషయంలో ఈ అలక్ష్యానికి పరివాహక గ్రామాలు చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు.

ఎవరి మురుగు ఎంత?

నందమూరు అక్విడక్టు దాటిన ఎర్రకాలువ నీరే దిగువన యనమదుర్రుగా మారుతుంది. డెల్టా పొలాల మురుగును కలుపుకొంటూ, 2022లో జిల్లా కేంద్రమైన భీమవరం నడుమ నుంచి సముద్రం దిశగా సాగుతుంది. వరిచేల నీరు, పట్టణ మురుగు, చేపలు, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు అన్నీ అందులోకే చేరుతున్నాయి. నీరు నల్లబడితే పట్టణవాసులు చెరువులను తప్పుపడతారు. చెరువుల రైతులు పట్టణాన్ని వేలెత్తి చూపుతారు. ఎవరి వాటా ఎంతో చెప్పే లెక్క మాత్రం ప్రజల చేతిలో లేదు.

దాళ్వాలో కాలువ నీరు అందనప్పుడు శివారు ఆయకట్టు రైతులు డ్రెయిన్ల నుంచి ఇంజిన్లతో నీటిని తోడుకోవడం డెల్టాలో కొత్త కాదు. పైవారు వదిలిన మురుగే దిగువ రైతుకు సాగునీరు అవుతోంది. అందువల్ల ఇది పట్టణంలో దుర్వాసనకు పరిమితమైన సమస్య కాదు.

తుందుర్రు ఆక్వా ఫుడ్‌పార్కు వల్ల గొంతేరు డ్రెయిన్ కలుషితమవుతుందని 2016, 2017 సంవత్సరాల్లో గ్రామస్థులు ఆందోళనకు దిగారు. వ్యర్థజలాలను పైపులైను ద్వారా సముద్రానికి తరలిస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఇటువంటి వివాదం ఎక్కడ తలెత్తినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఇంతకుముందు ఈ నీరు ఎలా ఉండేది? ఏళ్ల తరబడి రాసిపెట్టిన అంకెలు తప్ప దానికి జవాబు చెప్పగలిగేది మరొకటి లేదు.

చెరువుకున్న శ్రద్ధ డ్రెయిన్‌కేదీ?

నీటి పరీక్ష ఈ ప్రాంతానికి తెలియని విద్య కాదు. ఆక్వా ల్యాబులకు చెరువు నీటిని తీసుకెళ్లి పీహెచ్, అమ్మోనియా, క్షారత చూపించుకోవడం రొయ్య రైతుకు నిత్యకృత్యం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుందని చదువు లేని కూలీకి సైతం తెలుసు. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిప్పుతారు. అదే నీరు తూము దాటి డ్రెయిన్‌లో పడ్డాక దాని గురించి ఆరా తీసేవారు కరవవుతున్నారు.

విద్యార్థుల పర్యటనల్లోని లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. నాచు ఉన్న నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠానికి దిగి, మధ్యాహ్నానికి పెరుగుతుంది. పదకొండు గంటలకు వచ్చిన బస్సుకు ఆ కనిష్ఠం కనిపించదు. సీసాను బుడగ లేకుండా నింపి, గట్టుపైనే మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ ద్రావణాలు కలిపి ఆక్సిజన్‌ను స్థిరపరచాలి. ఆ పని చేయకుండా కళాశాలకు తీసుకెళ్లి కొలిస్తే అది సీసా లెక్క అవుతుందే తప్ప డ్రెయిన్ లెక్క కాదు. సముద్రానికి చేరువైన దిగువ భాగంలో పోటు వేళ ఉప్పునీరు ఎగదన్నుతుంది కనుక పోటు, పాటు సమయాలనూ నమోదు చేయాలి.

కొలమానాలు ఉన్నాయి

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వినియోగాన్ని బట్టి ఐదు తరగతులుగా విభజించింది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు మించరాదు. సాగునీటికి విద్యుత్ వాహకత 2,250 మైక్రోమోలు దాటరాదు. ఈ పరీక్షలు డిగ్రీ కళాశాల ప్రయోగశాలకు భారమైనవేమీ కావు. పట్టణానికి ఎగువన, నడుమన, దిగువన, అలాగే చెరువుల తూములకు ఇరువైపులా ఒకే రోజు కొలిస్తే మురుగు ఎక్కడ కలుస్తోందో అంకెలే చెబుతాయి.

హద్దులూ తెలియాలి

అన్ని విషాలూ ఈ పరీక్షలకు చిక్కవు. పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. అటువంటి అవశేషాలను పట్టాలంటే ఖరీదైన యంత్రాలు కావాలి. చెరువుల్లో వాడే మందులకూ ఇదే వర్తిస్తుంది.

న్యాయపరమైన పరిమితీ ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం వ్యర్థజలాల నమూనాను మండలి అధికారులే, సంబంధితులకు నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసుకోవాలి. అప్పుడే న్యాయస్థానంలో అది సాక్ష్యంగా నిలుస్తుంది. విద్యార్థుల సీసాకు ఆ బలం లేదు. అయితే అధికారులు ఎక్కడికి, ఏ వేళకు వచ్చి నమూనా తీయాలో చెప్పగల శక్తి మాత్రం దానికి ఉంది.

చేయవలసిందిదే

సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో యూజీసీ రూపొందించిన పర్యావరణ అధ్యయన పాఠ్యప్రణాళికలో క్షేత్ర పరిశీలనకు నూటికి 25 మార్కులు కేటాయించినా, దానికి చూపిన సమయం ఐదు పాఠాల వ్యవధే. 2020 తరువాత రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును ప్రవేశపెట్టారు. ఆ గంటలను ఏటా కొత్త అంశాలకు పంచే బదులు, గట్టు పక్క గ్రామాల విద్యార్థులకు నిర్ణీత స్థలాలు అప్పగించి నెలనెలా కొలిపించవచ్చు. తెల్లవారుజాము లెక్క రాయడం అక్కడే నివసించే వారికి సులువు.

ఒక బృందం చదువు ముగించుకొని వెళ్లినా పుస్తకం మాత్రం తరువాతి బృందానికి అందాలి. దాని ప్రతి గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుపైనా, కాలుష్య నియంత్రణ మండలి, డ్రెయినేజీ శాఖల కార్యాలయాల్లోనూ ఉండాలి. కళాశాలల యాజమాన్యాలు, అధికారులు ఈ దిశగా చొరవ చూపాలి. ఆ పుస్తకం తెరిచి ఉన్ననాడు శివారు రైతు ఇంజిను వేసే ముందు తాను తోడబోయేది ఎటువంటి నీరో తెలుసుకోగలుగుతాడు.