పారామీటర్లను బ్రాకెట్ కింద నిలబెట్టొద్దు

సంపాదకుల వారికి,

మీ పత్రికలో వస్తున్న జావా పాఠాలను ఇష్టంగా చదువుతున్నాను. కిందటి సంచికలో పొడవైన మెథడ్ డిక్లరేషన్‌ను అచ్చువేసిన తీరు మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. బ్రాకెట్ తెరిచి మొదటి పారామీటర్‌ను అక్కడే రాసి, మిగతావాటిని సరిగ్గా దాని కిందికి వచ్చేలా ఖాళీలు పెట్టారు. చూడ్డానికి అందంగానే ఉంది. అయినా విద్యార్థులకు ఈ అలవాటు చేయకూడదు.

ఆ మెథడ్ పేరు రేపు మార్చాల్సి వచ్చిందనుకోండి. రెండు అక్షరాలు పెరిగినా కింది వరుసలన్నీ రెండు ఖాళీలు జరగాలి. మారింది పేరొక్కటే, ఆరు పారామీటర్లు ఉంటే గిట్‌లో మాత్రం ఆరు వరుసలు మారినట్టు కనిపిస్తాయి. వాటి మధ్య ఏదైనా టైప్ కూడా మారిందేమోనని రివ్యూ చేసేవారు ఆరూ చదవాలి. ఫలానా పారామీటర్‌ను ఎవరు చేర్చారని కొన్నాళ్ల తర్వాత వెతికితే, ఖాళీలు జరిపినవారి పేరు ముందుకొస్తుంది. ఎడిటరే సర్దుతుంది కదా అంటారు. సర్దే శ్రమ తగ్గుతుంది, చదివే శ్రమ తగ్గదు.

బ్రాకెట్ తెరవగానే కింది వరుసకు వెళ్లి, డిక్లరేషన్ మొదలైన చోటు నుంచి ఎనిమిది ఖాళీలు వదిలి, వరుసకొక పారామీటర్ రాస్తే ఈ బాధ ఉండదు. నాలుగే వదిలితే చాలదు. మెథడ్ లోపలి కోడ్ కూడా నాలుగు దగ్గరే మొదలవుతుంది కాబట్టి రెండూ కలిసిపోతాయి.

సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో సవరించిన జావా నియమాల్లో మీరు వేసిన పద్ధతి ఉన్న మాట నిజమే. వరుసలు మరీ కుడివైపుకు జరిగిపోతుంటే ఎనిమిది ఖాళీలు చాలని కూడా అందులోనే ఉంది. ఇఫ్ షరతును విరవాల్సి వస్తే ఎనిమిదే మేలని, లేకపోతే లోపలి భాగాన్ని గుర్తుపట్టడం కష్టమని కారణం కూడా చెప్పారు. ఆ కారణం మెథడ్‌కు ఎందుకు వర్తించదు? గూగుల్ జావా నియమావళి బ్లాకుకు రెండు ఖాళీలు, విరిచిన వరుసకు కనీసం నాలుగు అడుగుతుంది, అక్కడా రెట్టింపే. నిలువుగా సర్దడాన్ని అది నిషేధించదు గానీ, తర్వాత కోడ్‌ను మార్చేవారికి దానివల్ల వచ్చే ఇబ్బందిని వివరంగా చెబుతుంది.

మీ పత్రిక కాలమ్ ఇరుకు. కుడివైపుకు జరిపిన పారామీటర్లు అందులో ఇమడక ఇప్పటికే రెండేసి ముక్కలై అచ్చవుతున్నాయి. వచ్చే పాఠం నుంచైనా పద్ధతి మార్చమని, ఎందుకు మార్చారో విద్యార్థులకు రెండు వాక్యాల్లో చెప్పమని మనవి.

ఇట్లు,
ఒక జావా ప్రోగ్రామర్, హైదరాబాద్